కంప్యూటర్ గడియారం తప్పితే ఏం చేయాలి?

కంప్యూటర్‌లో టైమ్ తప్పు చూపిస్తే మనలో చాలామందిమి దాన్ని సరిచేసి ఊరుకుంటాం. మర్నాడు మళ్లీ అదే తప్పు! అందుకే టైమ్ మార్చే ముందు అది ఎంత తప్పిందో, ఎప్పుడు తప్పిందో గమనించండి. రోగమేమిటో ఆ తేడాయే చెబుతుంది.

ఇది చిన్న విషయం కాదు. బ్రౌజర్ ప్రతి సురక్షిత వెబ్‌సైటు సర్టిఫికెట్‌నూ కంప్యూటర్ తేదీతో పోల్చి చూస్తుంది. తేదీ 2009 అని ఉంటే, సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదని సైటును తెరవదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజున ఇలా జరిగితే, నెట్ పోయిందనుకుని కూర్చున్నవాళ్లకు గడువు దాటిపోతుంది.

గడియారం ఎలా నడుస్తుంది?

మదర్‌బోర్డు మీద ఉండే చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్య 2కు 15వ ఘాతం. ఆ కంపనాలను లెక్కపెట్టి గడియారం ఒక్కో సెకను ముందుకు జరుగుతుంది. మెయిన్ స్విచ్ ఆపేసినప్పుడు దాన్ని నడిపించేది 3 వోల్టుల గుండ్రని బటన్ సెల్.

మూడు రకాల తప్పులు

1. మెయిన్ ఆపి వేయగానే పాత తేదీకి పోతే: సెల్ అయిపోయింది. ల్యాబ్‌లో రోజూ మెయిన్ ఆపుతాం కనుక ఇది త్వరగా బయటపడుతుంది. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా సీఆర్ 2032 సెల్ ఉంటుంది. అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. ప్లగ్ తీసేసి, పక్కనున్న క్లిప్ నొక్కితే సెల్ పైకి వస్తుంది. పాత సెల్ మీది నంబరు చూసి అదే కొనండి. ప్లస్ గుర్తు పాత సెల్‌కు ఎటు ఉందో అటే ఉంచి పెట్టండి. తర్వాత బయోస్‌లో తేదీ, టైమ్ సరిచేయండి.

2. సరిగ్గా గంటల లెక్కన తప్పితే: టైమ్ జోన్ తప్పు. అమెరికా పసిఫిక్ జోన్ ఉంటే మనకన్నా పన్నెండున్నర లేక పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. విండోస్ జాబితాలో హైదరాబాద్ పేరు కోసం వెతక్కండి. చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న +05:30 జోన్ ఎంచుకోండి. జోన్ మార్చకుండా ముల్లు మాత్రమే తిప్పితే, పైకి టైమ్ సరిగ్గా కనిపించినా లోపలి లెక్క తప్పే. ఒకే కంప్యూటర్‌లో లినక్స్, విండోస్ రెండూ ఉంటే విండోస్‌లో ఐదున్నర గంటలు వెనక చూపవచ్చు. లినక్స్ గడియారంలో అంతర్జాతీయ సమయాన్ని ఉంచుతుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది.

3. రోజుకు కొన్ని సెకన్ల చొప్పున జారిపోతే: స్ఫటికానికి అది సహజమే. నెట్ ద్వారా టైమ్ సరిచేసుకునే ఏర్పాటు ఆన్‌లో ఉందో లేదో చూడండి. తేదీ మరీ దూరంగా ఉంటే ముందు చేత్తో సరిచేసి, తర్వాత సింక్ నొక్కండి.

మిత్రులారా! ఏదైనా దరఖాస్తు నింపడానికి కూర్చున్నప్పుడు ముందుగా స్క్రీన్ మూలనున్న తేదీ చూడండి. సైటు తెరుచుకోకపోతే తేదీ సరిచేసి మళ్లీ ప్రయత్నించండి. మీకు తెలిసింది పక్కవాళ్లకూ నేర్పండి.