కరపత్రానికొక సంఖ్య



బళ్లారి ఇళ్లలో అటకల మీదా, ట్రంకుపెట్టెల అడుగునా మిగిలి ఉన్న పాత నాటకాల కరపత్రాలను, వేషధారుల ఫోటోలను, టిక్కెట్టు ముక్కలను చేరదీసే పనికి పూనుకున్నవారికి మొదట కావలసింది కంప్యూటరు కాదు, మెత్తని పెన్సిలు. ప్రతి కాగితం వెనుక ఒక మూలన, అచ్చు తగలని చోట, ఒత్తిపెట్టకుండా ఒక వరుస సంఖ్య వేయాలి. ఆ సంఖ్యలోనే ఊరి పేరూ ఏడాదీ ఇరికించాలనే ఉబలాటం కొత్తవారికి సహజంగా కలుగుతుంది గాని, ఏడాది తప్పని రేపు తేలితే సంఖ్యే తప్పయి కూర్చుంటుంది. కాబట్టి 0001, 0002 అంటూ ఏ అర్థమూ లేని సంఖ్యే మేలు. డేటాబేసు పరిభాషలో దీనిని ప్రైమరీ కీ అంటారు. రెండు వస్తువులకు ఒకటే ఉండనిది అని దాని అర్థం. ఒకసారి వేశాక దాన్ని మార్చకపోవడం మంచిది.

ఈ పద్ధతికి బళ్లారి గడ్డ మీదే పాత ఉదాహరణ ఉంది. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ (1834–1912) సంగనకల్లు, కప్పగల్లు కొండల దగ్గరా దక్షిణాదిలో మరెన్నో చోట్లా ఏరిన రాతి పనిముట్లను మద్రాసు మ్యూజియం కోసం ప్రభుత్వం 1904లో కొన్నది. వాటి వివరణాత్మక జాబితా ఆయన పోయాక 1914లో అచ్చయింది. ఏ రాయి ఏ ఊరి దగ్గర దొరికిందో కాగితం మీద నిలిచి ఉండబట్టే ఆ రాళ్లు నేటికీ చరిత్రకు సాక్ష్యం చెబుతున్నాయి. ఆ ముడి తెగిపోతే అవి వట్టి కంకర. (ఆయన చేశారు కదా అని ఇప్పుడు ఆ కొండల మీద రాళ్లేరడం తగదు. 1972 నాటి పురావస్తు చట్టం సంగతి అటుంచినా, రాయి తన చోట ఉంటేనే దానికి విలువ.)

డేటాబేసు అంటే ఒకదానితో ఒకటి ముడిపడిన పట్టికల సముదాయం. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన ఈ ఆలోచనలోని కీలకం, ఒక విషయాన్ని ఒక్కచోటే రాసి, మిగిలిన చోట్ల దాని సంఖ్యను మాత్రమే పేర్కొనడం. బళ్లారి నాటకరంగానికి దీని అవసరం ఇంతా అంతా కాదు. ఒక కరపత్రం మీద ‘బళ్లారి రాఘవ’ అనీ, మరొకదాని మీద ‘టి. రాఘవాచార్యులు’ అనీ ఉంటే, ఆ రెండు పేర్లూ తాడిపత్రిలో 1880లో పుట్టి బళ్లారిలో వకీలుగా వెలిగిన ఒకే నటుడివని కంప్యూటరుకు తెలియదు. ఆయన మేనమామ, సరసవినోదినీ సభ అనే నాటక సమాజాన్ని నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల పేరు కొన్నిచోట్ల కృష్ణమాచార్యులుగానే కనిపిస్తుంది. అందువల్ల వ్యక్తుల పట్టికలో మనిషికొక వరుసా, ఆ వరుసతో ముడిపడిన మారుపేర్ల పట్టిక వేరుగానూ ఉండాలి. కరపత్రాల పట్టికలో మాత్రం అచ్చులో ఎలా ఉందో అలాగే, అచ్చుతప్పుతో సహా ఎక్కించాలి. దిద్దుబాటు చేయదలచినవారు దానికి పక్క గడి వాడుకోవాలి.

ఊళ్ల పట్టికకు ఇంకా ఓపిక కావాలి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లావే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు అవి అందులో చేరాయి, బళ్లారి మైసూరులో చేరింది. 2021లో హొసపేట వైపు విజయనగర జిల్లాగా విడిపోయింది. 1940లో ఆదోనిలో వేసిన నాటకం కరపత్రం మీద ‘బళ్లారి జిల్లా’ అని ఉంటే అది తప్పు కాదు, ఆనాటి నిజం. కనుక ఊరికి అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా అని రెండు గడులు పెట్టడం తప్పనిసరి.

తేదీల చిక్కు వేరు. ‘ఆంగీరస సంవత్సర మాఘమాసం’ అని మాత్రమే ఉన్న కాగితం మీద ఒకే ఏడాది వేసి ఊరుకుంటే మోసం వస్తుంది. ఆంగీరస 1932 ఏప్రిల్ నుంచి 1933 మార్చి దాకా నడిచింది, మాఘం 1933లో పడుతుంది. తేదీ తేలనప్పుడు ‘దీనికి ముందు కాదు’, ‘దీని తర్వాత కాదు’ అని రెండు గడులు నింపడమే నిజాయితీ.

ఇక బొమ్మలు. వాటిని ఎక్సెల్ గడుల్లో అతికిస్తే ఫైలు ఉబ్బిపోయి తెరుచుకోనని మొరాయిస్తుంది. బొమ్మలను విడి ఫోల్డరులో ఉంచి, పట్టికలో వాటి పేర్లు మాత్రమే రాయాలి. కరపత్రపు పలచని రంగుకాగితం వెనుక అచ్చు ముందుకు కనిపించకుండా దాని వెనుక నల్లకాగితం పెట్టి, అంగుళానికి 600 చుక్కల చొప్పున రెండు వైపులా స్కాన్ చేయాలి. 0147వ కరపత్రం ముందువైపు 0147-1, వెనుకవైపు 0147-2 అవుతాయి. ఒక వస్తువుకు ఎన్ని బొమ్మలైనా ఉండవచ్చు కాబట్టి బొమ్మలకూ ఒక పట్టిక అవసరం: ఫైలు పేరు, వస్తువు సంఖ్య, ఏ వైపు, ఎప్పుడు తీసింది. డ్రైవు పేరుతో మొదలయ్యే పూర్తి దారి రాస్తే కంప్యూటరు మారిన నాడు లంకెలన్నీ తెగుతాయి. డేటాబేసు ఉన్న ఫోల్డరు నుంచి మొదలయ్యే దారి చాలు.

సాధనం విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు. 2000లో వెలువడిన ఎస్‌క్యూలైట్ ఉచితం, డేటాబేసంతా ఒకే ఫైలులో ఇమిడిపోతుంది. తెలుగు మాత్రం యూనికోడ్‌లోనే టైపు చేయాలి. డీటీపీ వాళ్ల అను ఫాంట్లలో కొట్టిన పేరు వెతికితే దొరకదు. యూనికోడ్‌లోనైనా ‘బళ్ళారి’, ‘బళ్లారి’ కంప్యూటరుకు రెండు వేర్వేరు ఊళ్లే గనుక, ఊరి పేరును చేత్తో కొట్టకుండా పట్టికలోంచి ఎంచుకోవడం అలవాటు కావాలి. వారానికొకసారి నకలు తీసి వేరే ఇంట్లో ఉంచాలి.

కరపత్రాల పట్టికలో ‘భాష’ అనే గడి మరవకూడదు. రాఘవ కన్నడ నాటకాల్లోనూ నటించారు. తెలుగిళ్లతో పాటు వీధిలోని కన్నడిగుల తలుపూ తట్టి, అటక మీద ఏమైనా ఉన్నాయేమో అడిగి చూడాలి.