ముత్తాత జాడ: పాత దస్తరములను చదువు విధము

భూమి తగవులలో మిక్కిలి చిక్కైనది వంశమును గూర్చిన తగవు. “మా ముత్తాత మల్లయ్యకు ఇరువది ఎకరములుండెను” అని ఇంటి పెద్దలు చెప్పుదురు. ఆ మల్లయ్యయు దస్తరములోని మల్లయ్యయు ఒక్కడేయని చూపుట యెట్లు? ఉప్పల్, నాచారము గ్రామములు నేడు హైదరాబాదు నగరములో కలిసిపోయినవి. గుంట నేలకు సయితము గొప్ప వెల వచ్చినది. కావున ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమీయలేనివాడు తన న్యాయమైన భాగమును పోగొట్టుకొనును. లేదా కల్పిత వంశవృక్షమును పట్టుకొని వచ్చినవానికి లోబడును.

కోస్తా జిల్లాలలో ఆంగ్ల ప్రభుత్వము 1858లో ఇనాము కమీషను నేర్పరచి లెక్కలు వ్రాయించెను. మన ప్రాంతము 1948 వరకు నిజాము ఏలుబడిలో నుండెను గనుక ఇచటి పాత పత్రములు ఉర్దూలోను, 1880 ప్రాంతమునకు పూర్వపువి తరచు పారశీకములోను ఉండును. సంవత్సరములు ఫసలీలో వ్రాయబడును. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. 1317 ఫసలీ నాటి భూమిశిస్తు శాసనము 1907–08 నాటిదన్నమాట.

గ్రామము పేరును జాగ్రత్తగా చూడవలయును. ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖల్సా, ఉప్పల్ భగాయత్ అని పేర్లు కలవు. కలాన్ అనగా పెద్దది. ఖల్సా అనగా సర్కారునకు నేరుగా శిస్తు చెల్లునది. భగాయత్ అనగా తోట భూమి. ఉప్పల్ అని మాత్రమే వెదకినవానికి వేరొక గ్రామపు లెక్క చేతికి రావచ్చును.

వెదకునప్పుడు తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలయును; ముత్తాతతో ఆరంభింపరాదు. మొదట నేటి సర్వే నంబరును పట్టుకొనుడు. పిమ్మట 1954–55 నాటి ఖాస్రా పహాణీని చూడుడు. అందు పట్టాదారుని పేరును, కబ్జాదారుని పేరును వేర్వేరుగా నుండును. అటనుండి వెనుకకు, ఏటేటి మార్పులను తెలుపు ఫైసలు పట్టీకిని, తుదకు సర్వే పిమ్మట తయారైన సేత్వారునకును పోవలయును.

ప్రతి మెట్టునను “వల్ద్” అను మాటను వెదకుడు. దాని తరువాతిది తండ్రి పేరు. మల్లయ్య వల్ద్ నర్సయ్య వేరు. మల్లయ్య వల్ద్ లింగయ్య వేరు. సేత్వారులో మల్లయ్యయు, ఖాస్రాలో రామయ్యయు ఉన్నంతమాత్రమున రామయ్య మల్లయ్య కుమారుడు కాడు. క్రయమునకు కొన్నవాడును కావచ్చును. నడుమ విరాసతు ఉత్తరువు దొరకినగాని ఆ లంకె నిలువదు. ఆడుబిడ్డల పేర్లు పాత లెక్కలలో అరుదు; పేరు లేదు గనుక వారసురాలు లేదనుటయు తప్పే.

కోర్టు దస్తరములలో వంశవృక్షములు దొరకును. కాని వాది దాఖలు చేసిన వృక్షము వాది మాట మాత్రమే. ప్రతివాది దాని నొప్పుకొనెనా, తీర్పులో న్యాయాధికారి ఏమని నిర్ణయించెను అని చదువవలయును. తగవు పుట్టకమునుపే చుట్టరికమునుగూర్చి పెద్దలు చెప్పిన మాటకు ఎక్కువ విలువ యుండును. రెవిన్యూ లెక్కలో పేరున్నంతమాత్రమున హక్కు సిద్ధింపదని సుప్రీము కోర్టు పలుమారులు చెప్పియున్నది. అది సాక్ష్యములలో నొకటి మాత్రమే.

నాచారమునకు చేరువనే తార్నాకలో రాష్ట్ర దస్తావేజుల భాండాగారము కలదు. నిజాము కాలపు దస్తరములు అచట భద్రపరుపబడియున్నవి. ఉర్దూ చదువనేర్చినవారిని వెంటబెట్టుకొని పోవుడు. ధ్రువీకరించిన నకళ్లనే తీసికొనుడు.

ప్రతి సభ్యుడును ఒక పుస్తకమున తరము, పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఆధారపత్రము అను అయిదు గళ్లు గీసి వ్రాసికొనవలయును. ఆధారము లేని గడిని ఊహతో నింపక ఖాళీగా నుంచుడు. ఇతరులు తెచ్చిన వంశవృక్షముపై చేవ్రాలు చేయుటకు ముందు, అందలి ప్రతి లంకెకును కాగితము చూపుమని యడుగుడు. చూపలేనివానికి చేవ్రాలు చేయకుడు.