మృత్యుసన్నిధిని జీవితపరమార్థము

చికిత్సకు లొంగని వ్యాధి సంప్రాప్తమైన మానవునకు మిగిలిన దినములు దేనికొఱకు? ఈ ప్రశ్నకు మన సంఘము సాధారణముగా రెండు సమాధానముల నిచ్చుచున్నది. పూర్వజన్మ పాపము పండినదని యొకటి. ఇంక నతడు చేయదగినది లేదని రెండవది. మొదటిది రోగిని దోషిగా నిలువబెట్టును. రెండవది బ్రదికియుండగనే యతనిని మృతులలో జేర్చును. ఈ రెండును సరికావనియు, తుదిశ్వాస వఱకును మానవునకు కర్తవ్యము గలదనియు, ఆ కర్తవ్యమే యతని జీవితమునకు అర్థము నొసగుననియు మా విశ్వాసము.

న్యాయస్థానమున నేరము ఋజువు కానిదే యెవ్వరికిని శిక్ష విధింపరు. అట్టిచో, ఎఱుగని జన్మమున జేసిన యెఱుగని నేరమునకు పాలు ద్రాగు శిశువునకు సైతము రాచపుండును శిక్షగా బంపువాడని యీశ్వరుని దలచుట యెంతటి యపచారము! వ్యాధులకు ప్రకృతిసిద్ధములైన కారణములు గలవు. వానిలో గొన్నిటిని శాస్త్రము కనుగొన్నది, మఱికొన్నిటిని వెదకుచున్నది. సజ్జనులకును వ్యాధి వచ్చును, దుర్జనులకును వచ్చును. కావున “ఇది నా కేల వచ్చెను?” అను ప్రశ్నను విడిచి, “వచ్చినది గదా, నేనిపుడేమి చేయుదును?” అను ప్రశ్నను రోగి చేపట్టవలెను. మొదటి ప్రశ్న మనస్సును దొలుచును. రెండవది చేతికి పని నిచ్చును.

బ్రాహ్మసమాజ నాయకులగు కేశవచంద్రసేనుల కడపటి దినములను స్మరింపుడు. ఆయనను మధుమేహము పీడించెను. 1921లో టొరొంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడు వఱకును ఆ వ్యాధి తీవ్రమైనచో నివారణ లేకుండెను. కలకత్తాలో తమ గృహప్రాంగణమున నిర్మాణమగుచున్న నవదేవాలయమునకు 1884 జనవరి 1వ తేదీని ఆయనను కుర్చీలో మోసికొని వచ్చిరి. నిలువ శక్తి లేకున్నను ఆయన ప్రార్థన సలిపి ఆ మందిరమును ప్రతిష్ఠించిరి. ఆ నెల 8వ తేదీని, నలుబదియైదేండ్ల వయస్సుననే పరమపదించిరి. ఆ ప్రార్థన రోగమును కుదుర్పలేదు. కాని రోగము ప్రార్థనను ఆపలేకపోయినది. ప్రార్థనాఫలమనగా మన మాశింపదగిన దింతియే. ఇది స్వల్పము గాదు.

మన తెలుగుదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారి చరిత్రము సుప్రసిద్ధము. చిన్ననాటినుండి దగ్గు జాడ్యముచే బాధపడిన దుర్బలశరీరు డాయన. అట్టి శరీరముతోనే 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి ధారపోసిరి. 1910లో సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. అయినను కలము విడువలేదు. చెన్నపట్టణమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి గృహమున ఆంధ్రకవుల చరిత్రమును సంస్కరించుచుండగనే 1919 మే 27వ తేదీని కాలధర్మము నొందిరి. పని ముగియలేదు; అయినను జీవితము వ్యర్థము కాలేదు. ముగించినదానిచేతనే గాక, చేపట్టినదానిచేతను మానవుడు సార్థకుడగును.

“వారు మహాపురుషులు, సామాన్యుల మాట యేమి?” అని పాఠకులడుగవచ్చును. ఖమ్మమునుండి సత్తుపల్లికి బోవు మార్గమున కొత్తగూడెము దారి చీలుచోట తల్లాడ యున్నది. ఆ ప్రాంతపు మిరప రైతొకడు వీలునామా వ్రాయించుటకై మమ్ము పిలిపించెను. కడుపులో రాచపుండు ముదిరినదని హైదరాబాదు వైద్యులు చెప్పిరనియు, ఆ మాట యతనితో ననవలదనియు కుమారుడు మమ్ము వాకిటనే వేడుకొనెను. లోనికి బోయినంతనే ఆ రైతు మెల్లగా నిట్లనెను: “వకీలుగారూ, నా సంగతి నాకెరికే. ఇంట్లోవాళ్లు నా కాడ దాస్తున్రు, నేను వాళ్ల కాడ దాస్తున్న. చెప్పుకోవాల్సిన మాటలన్ని నడుమనే ఆగిపోయినయి.”

ఆ దినమున తెర తొలగినది. తండ్రియు కుమారుడును కలిసి కంటనీరు పెట్టుకొనిరి. పెద్దకుమారుని గోల్పోయిన కోడలికి భూమిలో వాటాయు, ఆ వాటాపై సేద్యపు పెత్తనమును స్పష్టపఱచుచు ఇద్దరు సాక్షుల యెదుట ఆ రైతు వీలునామాపై సంతకము చేసెను. అటుపిమ్మట మూడు మాసములు బ్రదికెను. ప్రతి సాయంకాలము వేపచెట్టు క్రింద మంచముపై బండుకొని, పొలపు గట్లను, అప్పుల లెక్కలను, విత్తనపు ధరలను కోడలికి బోధించుచుండెను. ఆ మాసములను వ్యర్థములనగలవా రెవ్వరు? సత్యమును దాచుటయే దయయని బంధువులు దలతురు. కాని యా దాపఱికము రోగియొక్క కడపటి పనిని దొంగిలించును.

బాధ తీవ్రమైనచో కర్తవ్యము మాట చెవి కెక్కదు. కావున నొప్పిని దగ్గించుట బంధువుల మొదటి ధర్మము. మార్ఫీను రోగులకు సులభముగా లభించుటకై 2014లో మాదకద్రవ్యముల చట్టము సవరింపబడినది. తెలంగాణములోని పలు జిల్లా ఆసుపత్రులలో ఉపశమన చికిత్సా కేంద్రములు వెలసినవి. గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమని 2018 మార్చి 9వ తేదీని సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కోలుకొను నాశ లేని స్థితిలో ప్రాణమును యంత్రములచే నిలుపవలదని ముందుగనే వ్రాసియుంచుటకు ఆ తీర్పు వీలు కల్పించినది. 2023లో ఆ విధానము సులభతర మొనర్పబడినది. ఇది యాత్మహత్య కాదు. మరణమును దన దారిని రానిచ్చుట మాత్రమే.

సోదరులారా, మీ యింట నట్టి రోగి యున్నచో తాయెత్తులకును శాంతులకును ధనము వ్యయింపకుడు. నొప్పికి మం దిప్పింపుడు. అతడడిగినచో నిజము చెప్పుడు. అతనికి చేతనైన పనిని అతని చేతనే యుంచుడు. ఆరోగ్యవంతులమగు మనకును ఆయువు పరిమితమే. అతనికి తెలిసినది, మనము మఱచితిమి, అంతియే భేదము.

పరమేశ్వరా, ఆయువు నింత యిమ్మని మేము నిన్ను వేడము. ఇచ్చినదానిని భయమునకు గాక ప్రేమకు వినియోగించు బుద్ధిని మాకు ప్రసాదింపుము.