పోటీలో ఉన్నవాడికే స్పార్క్ ప్లగ్గులు ఇచ్చిన పైలట్



పోయిన పేరెంట్స్ మీటింగ్‌కు ఒక నాన్నగారు ఫస్ట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చారు. ప్రోగ్రెస్ కార్డు చూసి, కాసేపాగి అడిగారు. "మేడమ్, మావోడు లెక్కల నోట్స్ పక్కోనికి ఇస్తున్నడు. రేపు వాడే ముందుకు పోతే మావోని సంగతేంది?"

"మంచి అలవాటే కదా సార్" అని తప్పించుకున్నాను. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ వారమే ఎనిమిదో తరగతిలో 'వేగం, దూరం, కాలం' చెబుతుంటే ఒక పాత విమాన ప్రయాణం గుర్తొచ్చింది. ఈ నెల పాఠం అదే. ముందు కథ, తర్వాత మీరు ఇంట్లో పిల్లలతో కలిసి చేయాల్సిన లెక్క.

కథ

ఇంగ్లండ్‌కూ ఇండియాకూ మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌండ్ల బహుమతి ఇస్తానని ఆగాఖాన్ ప్రకటించారు. 1930లో ముగ్గురు యువకులు బయల్దేరారు. మన్‌మోహన్ సింగ్, ఆస్పీ ఇంజినీర్ ఇంగ్లండ్ నుంచి ఇటు వస్తున్నారు. జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అటు వెళ్తున్నారు. అప్పటికి ఆస్పీ వయసు 17 ఏళ్లే. మన ఇంటర్ పిల్లల ఈడు.

జేఆర్‌డీ, ఆస్పీ నడిపినవి జిప్సీ మాత్ అనే రెండు సీట్ల చిన్న విమానాలు. పైన కప్పు లేదు, రేడియో లేదు. సముద్రతీరం, నది, రైలు పట్టాలు చూసుకుంటూ, మధ్యమధ్యలో దిగి పెట్రోల్ పోసుకుంటూ వెళ్లాలి.

ఈజిప్టులోని అబూకిర్‌లో జేఆర్‌డీ దిగేసరికి ఆస్పీ అక్కడే ఆగిపోయి ఉన్నాడు. స్పార్క్ ప్లగ్గులు పాడయ్యాయి, అతని దగ్గర స్పేర్ లేవు. జేఆర్‌డీ దగ్గర ఉన్నాయి. ఏమీ ఎరగనట్టు తన దారిన తాను వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ తన స్పేర్ ప్లగ్గుల్లోంచి ఇచ్చారు. ఇద్దరూ చెరో దిక్కుకు ఎగిరిపోయారు.

ఆస్పీ కరాచీ చేరేసరికి జేఆర్‌డీ ఇంకా ఇంగ్లండ్ చేరలేదు. మన్‌మోహన్ సింగ్ గడువు దాటాక చేరారు. బహుమతి ఆస్పీకి వచ్చింది. తర్వాత ఆస్పీ వైమానిక దళంలో చేరి, 1960లో దాని అధిపతి అయ్యారు.

ఇంట్లో చేసి చూడండి

కావాల్సినవి: తెలంగాణ మ్యాప్, దారం, స్కేలు, పెన్సిల్.

మొదటి పని. మన జైపూర్ నుంచి గోదావరి దాటి రామగుండం వైపు వెళ్తే బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 1980లలో వాయుదూత్ చిన్న విమానాలు అక్కడ దిగేవి. మీ ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరైనా చూశారేమో అడగండి. మ్యాప్ మీద అక్కడి నుంచి హైదరాబాద్ బేగంపేట వరకు దారం సాగదీసి పట్టుకోండి. కొలిస్తే సుమారు 170 కిలోమీటర్లు వస్తుంది. దారిలో కరీంనగర్ దగ్గర మానేరు జలాశయం కుడివైపు రావాలి. అది ఎడమవైపు కనిపిస్తే దారి తప్పినట్టే.

రెండో పని. జిప్సీ మాత్ వేగం గంటకు సుమారు 135 కిలోమీటర్లు. గాలి లేకపోతే ఎంతసేపు? 170ని 135తో భాగించి 60తో గుణిస్తే సుమారు 76 నిమిషాలు. రానూపోనూ 151 నిమిషాలు.

మూడో పని. ఇప్పుడు గంటకు 35 కిలోమీటర్ల గాలి వీస్తోంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వేగం 100కు తగ్గుతుంది. 102 నిమిషాలు పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, వేగం 170 అవుతుంది. సరిగ్గా 60 నిమిషాలు. మొత్తం 162.

ఇక్కడ పిల్లల్ని ఆపి అడగండి. "వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు వచ్చింది కదా, మొత్తం ఎందుకు పెరిగింది?" మా క్లాసులో దాదాపు అందరూ రెండూ సరిపోతాయనే అన్నారు. వెంటనే జవాబు చెప్పేయకండి, కాసేపు ఆలోచించనివ్వండి. జవాబు ఇది: ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం, తోసే గాలిలో తక్కువసేపే ఉంటాం. అందుకే నష్టం పూర్తిగా పూడదు. 151 నిమిషాలకే లెక్కగా పెట్రోల్ పోసుకున్న పైలట్‌కు చివరి 11 నిమిషాలకు చుక్క ఉండదు. దూర ప్రయాణానికి బయల్దేరే పైలట్ అవసరానికి మించి పెట్టుకునేది అందుకే.

ఆ నాన్నగారికి నా జవాబు

నోట్స్ ఇస్తే ర్యాంకు తగ్గదని నేను హామీ ఇవ్వలేను సార్. ప్లగ్గులు ఇచ్చిన జేఆర్‌డీకి ఆ బహుమతి రాలేదు. అది దాచి కథ చెబితే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే.

కానీ రెండు విషయాలు చూడండి. ఒకటి, ఆయన తన ఇంజన్‌లోంచి ప్లగ్గులు పీకి ఇవ్వలేదు, స్పేర్‌లోంచి ఇచ్చారు. ముందే సిద్ధంగా ఉన్నవాడే ఇంకొకరికి ఇవ్వగలడు. పరీక్ష ముందురోజు నోట్‌బుక్ మొత్తం ఇచ్చి మీవాడు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. వారం ముందే తను చదివేసి, పక్కవాడికి రాని లెక్క పక్కన కూర్చుని చెప్పమనండి. చెప్పేటప్పుడు తనకు ఏ మెట్టు సరిగా రాదో తనకే తెలుస్తుంది.

రెండు, ఆ పోటీ ఒక్క నెలది, వాళ్ల పని జీవితకాలానిది. రెండేళ్లకే, 1932 అక్టోబర్ 15న, జేఆర్‌డీ కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల విమానం నడిపారు. అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు అదే తపాలా తీసుకెళ్లింది మరో పైలట్, నెవిల్ విన్సెంట్. దూరం పెద్దదైతే ఒక్కడి వల్ల కాదు, తోటి పైలట్ ఉండాలి.

మీవాడు కూర్చునే బెంచీ మీద రేపటి తోటివాళ్లే ఉన్నారు. ఈ ఆదివారం దారం పట్టుకుని లెక్క చేయించండి. వీలైతే ఆ పక్కింటి పిల్లాణ్ని కూడా పిలవండి. సోమవారం నోట్‌బుక్‌లో ఇద్దరి లెక్కలూ చూస్తాను.