కొబ్బరి కడిగే నీళ్లలో ఓజోన్

ప్రశ్న: అమలాపురం దగ్గర మాకు చిన్న కొబ్బరి పొడి యూనిట్ ఉంది. ముక్కలు కడగడానికి క్లోరిన్ బదులు ఓజోన్ వాడొచ్చా? అది వాడితే ఆవిరి పట్టడం మానేయొచ్చా?

జవాబు: ఓజోన్ వాడొచ్చండి. ఆవిరి మాత్రం మానకండి. 1953లో ఆస్ట్రేలియాలో టైఫాయిడ్ పాకింది పాపువా నుంచి వచ్చిన కొబ్బరి పొడి వల్లే. ఓజోన్ తగిలిన చోట సూక్ష్మజీవి పైపొరను చీల్చేస్తుంది, కానీ ముక్క పగుళ్లలోకి వెళ్లలేదు.

అసలు చిక్కు నీళ్లతోనే. కొబ్బరిపాలు కలిసి నీళ్లు తెల్లబడ్డాయంటే ఓజోన్ ఆ పాలలోని మాంసకృత్తుల మీదే ఖర్చయిపోతుంది, క్రిములకు మిగలదు. అందుకే ముందు మంచినీళ్లతో బాగా కడగండి, ఓజోన్ నీళ్లు ఆఖరి కడుగుకే ఉంచండి. మోతాదు యంత్రం దగ్గర కాదు, తొట్టెలోంచి బయటికొచ్చే నీళ్లలో కొలవండి. 20 డిగ్రీల శుభ్రమైన నీళ్లలోనే సుమారు 20 నిమిషాల్లో సగం ఓజోన్ ఆక్సిజన్‌గా మారిపోతుంది. మన ఎండల్లో ఇంకా త్వరగా. నిల్వ పెట్టలేం, అప్పటికప్పుడు తయారుచేసుకోవాల్సిందే.

అమెరికా ఎఫ్‌డీఏ 2001లోనే ఓజోన్‌ను ఆహారంలో అనుమతించింది. మీరు మాత్రం ముందుగా ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు అధికారిని అడగండి.

నాకు ఎక్కువ దిగులు మీ పనివాళ్ల గురించి. గాలిలో ఓజోన్ 0.1 పీపీఎం దాటితే ఊపిరితిత్తులకు ముప్పు. తొట్టెకు మూత, షెడ్డుకు ఎగ్జాస్ట్ ఫ్యాను, గోడకు ఓజోన్ అలారం పెట్టించాకే యంత్రం నడపండి. రబ్బరు గొట్టాలు పగిలిపోతాయి, స్టీలువి వేయించండి.