కీళ్ళు – వాటి కదలికలు

ఎముకతో ఎముక కలిసే చోటును కీలు అంటాము. పెద్దవారి శరీరంలో 206 ఎముకలు ఉంటాయి. వాటిని కలిపే కీళ్ళన్నీ ఒకే విధంగా కదలవు. పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నవారిని ఇంటిలో చూసుకొనేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

పుర్రెలోని అతుకులు కదలని కీళ్ళు. వెన్నుపూసల మధ్య కీళ్ళు కొద్దిగా కదులుతాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం బాగా కదిలే కీళ్ళు. వీటిలో ఎముకల చివర నున్నని మృదులాస్థి, మధ్య జిగట ద్రవం ఉంటాయి. తలుపు బందుకు నూనె ఎలాగో కీలుకు ఈ ద్రవం అలాగు.

బాగా కదిలే కీళ్ళలో ముఖ్యమైనవి:

1. బంతిగిన్నె కీలు: భుజము, తుంటి. అన్ని వైపులా తిరుగుతుంది. భుజంలో గిన్నె లోతు తక్కువ కనుక సులువుగా జారుతుంది.

2. మడతబందు కీలు: మోచేయి, మోకాలు. తలుపువలె ముఖ్యంగా ఒకే దారిలో మడిచి చాచగలము.

3. బొంగరపు కీలు: మెడలోని మొదటి రెండు పూసల మధ్య ఉంటుంది. తల అడ్డంగా ఊపడం దీనివల్లనే.

4. జారెడు కీలు: మణికట్టు, పాదంలోని చిన్న ఎముకలు ఒకదానిపై ఒకటి కొద్దిగా జరుగుతాయి.

కదలిక లేకపోతే కండరాలు, కీలు చుట్టూ ఉన్న పొర కుంచించుకొని కీలు బిగుసుకుపోతుంది. తరువాత దానిని చాచడం చాలా కష్టం. అందుచేత డాక్టరుగారిని అడిగి, తొలి రోజులనుండే కీళ్ళను కదిలించాలి.

ఇలా చేయండి:

- రోజుకు రెండుసార్లు, ఒక్కొక్క కదలికను 5 నుండి 10 సార్లు నెమ్మదిగా చేయించండి. కీలుకు పైన ఒక చేయి, క్రింద ఒక చేయి ఆనించండి. నొప్పి అంటే ఆపండి.

- మోచేయి, మోకాలు మడిచి చాచండి. మెలి తిప్పవద్దు.

- పడిపోయిన చేతిని పట్టుకొని రోగిని పైకి లాగవద్దు. పట్టు తప్పిన భుజం జారిపోతుంది.

- మోకాలి క్రింద ఎప్పుడూ దిండు ఉంచవద్దు. మోకాలు మడతలోనే బిగుసుకుపోతుంది.

- పాదం క్రిందికి వాలిపోకుండా, మడమ పట్టుకొని పాదాన్ని మోకాలి వైపు మెల్లగా వంచండి.

ఎముక విరిగినవారికి, ఆపరేషన్ అయినవారికి డాక్టరుగారు చెప్పనిదే ఇవి చేయవద్దు. కీలు వాచి, ఎర్రబడి, జ్వరం కూడా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకొనిరండి.

రోగికి మరల బలం వచ్చే రోజుకు కీళ్ళు సిద్ధంగా ఉండాలి. ఇంటికి వెళ్ళే ముందు వార్డులో మా నర్సులను అడగండి. దగ్గరుండి చేసి చూపిస్తాము, మీ చేత కూడా చేయిస్తాము.