ఏది ముందు? ఏది వెనుక?

ఏ పని చేపట్టినవారికైనను కాలము, ధనము, మనుష్యబలము మితముగానే లభించును. చేయవలసిన పనులు మాత్రము అనేకములుగా నుండును. వానిలో ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించుకొననివాడు దినమంతయు శ్రమించియు సాయంకాలమునకు మొదటి చోటనే నిలిచియుండును. ధవళేశ్వరము వద్ద గోదావరికి ఆనకట్ట కట్టిన వృత్తాంతము ఈ సత్యమును మనకు చక్కగా బోధించును.

1832-33 నాటి నందన కరువు గోదావరి మండలమును పాడు చేసెను. 1839లో పెనుతుపాను కోరంగి తీరమును ముంచివేసెను. బ్రతుకుతెరువు లేక అనేకులు ఊళ్లు విడిచిపోయిరి. నిండు నది చెంతనే ఉన్నను ఫలము లేకుండెను. వానకాలమున వరద పొలములను ముంచెడిది, తరువాత నీరు సముద్రము పాలయ్యెడిది, పైరులు ఎండెడివి.

1844లో ఆర్థరు కాటను అను ఇంజనీరు ఆ ప్రాంతమును పరిశీలించెను. అచ్చట చేయదగిన పనులకు కొదువ లేదు. చెరువుల పూడిక తీయవలెను, కరకట్టలు వేయవలెను, కాలువలు త్రవ్వవలెను, బాటలు బాగుచేయవలెను. ప్రతి గ్రామమునకు దాని అవసరమే పెద్దదిగా తోచును గదా! కాటను ఈ పనులలో ఏదియు వ్యర్థమని తలపలేదు. కాని నీరు నిలిచి కాలువలలోనికి ఎక్కనిదే తక్కినవన్నియు అరకొరగానే యుండునని గ్రహించెను. కావున నది పాయలుగా చీలు తావున, డెల్టా శిరస్సున, ఆనకట్ట కట్టుటయే ప్రథమ కార్యమని నిశ్చయించెను.

పని 1847లో ప్రారంభమయ్యెను. అందును క్రమము తప్పలేదు. గోడకు ముందు రాయి కావలెను. రాతికి దారి కావలెను. అందుచేత ధవళేశ్వరపు కొండలో రాయి తీయించి, దానిని చేరవేయుటకు ఇనుప పట్టాల దారి వేయించిరి. నదీగర్భము ఇసుక. దానిని తొలగించి అడుగు రాతిని వెదకబూనినచో కాలమును ధనమును అందులోనే హరించిపోవును. కావేరిపై ప్రాచీనులు కట్టిన కల్లణ ఇసుకపైననే నిలిచియుండుట కాటను ఎరుగును. ఆ మార్గమునే అనుసరించెను.

గోదావరి ఎవరికొరకును ఆగదు. వానకాలము రాగానే వరద వచ్చును. నీరు తగ్గిన నెలలలోనే నదిలో పని సాగవలెను. కావున వరదకు ముందు ఏది భద్రము కావలెను, ఏది మరుసటి ఏటికి ఆగగలదు అను విచారణ ఏటేట తప్పనిదయ్యెను.

1848లో కాటను జబ్బుపడి సెలవుపై వెళ్లెను. అయినను పని నిలువలేదు. ఆర్ అను కెప్టెను దానిని నడపెను. పనివారిని సమకూర్చి పని చేయించుటలో వీణెం వీరన్న మిక్కిలి తోడ్పడెను. చేయవలసిన పని యొక్క క్రమము అందరికిని తెలిసియున్నప్పుడు నాయకుడు ఒకడు దూరమైనను కార్యము చెడదు. ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. దాని సమీపముననే కట్టిన కొత్త బారేజి 1982లో పూర్తియయ్యెను. నేడు దాని క్రింద సుమారు 10 లక్షల ఎకరములు సాగగుచున్నవి.

బాలబాలికలారా! ముందుగా కేక వేసి పిలుచు పనియే ముఖ్యమైన పని కాదు. ఏ పని చేసిన తక్కినవి సులభమగునో దానిని మొదట చేయుడు. పరీక్ష దగ్గరపడిన వేళ పుస్తకములకు అట్టలు వేయుచు కూర్చున్నవాడు సోమరి కాడు. కాని పాఠము అట్లే మిగిలిపోవును.

మరియొక మాట. వెనుకకు ఉంచిన పని విడిచిన పని కారాదు. ఆనకట్ట ముగిసిన పిమ్మట పెక్కేండ్లు కాలువలు త్రవ్వుచునే యుండిరి. ఆ కాలువలు లేనిచో ఎంత గొప్ప ఆనకట్టయైనను పొలమునకు ఒక్క చుక్క నీరీయజాలదు. ముందుగా చేయవలసినదానిని ముందుగా చేసి, వెనుక చేయవలసినదానిని మరువక చేయుటయే కార్యదక్షత.